వేపాకుకు దక్కిన పేరు

ఇంట్లో పురుగు పట్టకుండా పెద్దవాళ్లు ఏం చేసేవారని అడిగితే ముందుగా వచ్చే జవాబు వేపాకు. పట్టుచీరల పెట్టెలోనూ అదే, బియ్యం డబ్బాలోనూ అదే. దాంతో పాత పద్ధతులన్నీ ఘాటైన వాసనతో పురుగును తరిమినవేనని ఒక నమ్మకం ఏర్పడిపోయింది. గింజల నిల్వ వరకు చూస్తే బరువంతా మోసినవి వాసనతో పనిలేనివి: ఎండ, నూనె, బూడిద, పొట్టు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో రోమన్ రచయిత కేటో కూడా, ధాన్యపు కొట్టులో పురుగులు, ఎలుకలు చేరకుండా ఆలివ్ నూనె మడ్డిలో మట్టి, పొట్టు కలిపి గోడలకు మందంగా అలకమన్నాడు. మన గాదెలకు పేడ, మట్టి అలికిందీ ఇందుకే. పగుళ్లు పూడితే పురుగు దాగే చోటుండదు.

కందులకు, పెసలకు ఆముదం పట్టించడం చూడండి. పప్పుపురుగు గుడ్డును గింజ పైతోలుకు అంటిస్తుంది. పిల్లపురుగు గుడ్డు అడుగు నుంచే తోలు తొలుచుకుని లోపలికి పోతుంది. పెద్దదయ్యాక గుండ్రని కన్నం చేసుకుని బయటికొస్తుంది. మనకు కనబడే ఆ పెద్ద పురుగు గింజను తినదు, తిన్నదంతా పిల్లపురుగే. కాబట్టి దెబ్బ గుడ్డు మీదే పడాలి. నూనె పూత గుడ్డుకు గాలి ఆడనివ్వదు. కిలోకు 5 మిల్లీలీటర్లు చాలు. ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది నూనెలోకి రాదు, నూనె తీశాక మిగిలే పిండిలో ఉండిపోతుంది. విత్తనాలకు కలిపే బూడిద దారి వేరు: పురుగు ఒంటి మీది మైనపు పొర చెడి, ఒంట్లో నీరు ఆరిపోయి చస్తుంది. సన్నటి పొడులు ఇలా పనిచేస్తాయని కీటక శాస్త్రవేత్త విగిల్స్‌వర్త్ 1940లలో చూపించాడు.

మరి వేప ఉత్త మాటేనా అంటే, కాదు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా మేసి వేపచెట్లను వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త ష్ముటరర్ గమనించాడు. 1968లో వేపగింజల నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అయితే అది వాసనతో తరిమేది కాదు, తిండి మాన్పించి, కుబుసం విడవనివ్వకుండా చేసేది. అది మెండుగా ఉండేది గింజలో. ఎండిన నాలుగు ఆకులకు ఆ శక్తి ఆపాదించడం అత్యాశే. తరతరాలుగా పనిచేసింది కదా అంటారా? ఆకు వేసే ముందు గింజను కరకరలాడేలా ఎండబెట్టేవారు. 57 డిగ్రీల వేడి గంటసేపు తగిలితే పప్పుపురుగు గుడ్డు, పిల్ల, పెద్ద ఏదీ మిగలదు. ఉత్త నేల మీద ఆరబోస్తే అంత వేడి ఎక్కకపోవచ్చు గానీ, తేమ తగ్గడమే సగం రక్షణ. అదీగాక, పిల్లపురుగు లోపలికి చేరాక నూనె దాన్నేమీ చేయలేదు. పురుగు పొలంలో కాయ మీదే మొదలవుతుంది కనుక ముందు ఎండ, తర్వాతే నూనె.

బియ్యానికి ఈ నూనె వైద్యం అంతగా పనిచేయదు. ముక్కుపురుగు గింజలో రంధ్రం చేసి, గుడ్డు పెట్టి, పైన బిరడా వేసేస్తుంది. పైపూత అక్కడికి సులువుగా చేరదు. అందుకే వడ్లను పొట్టుతోనే దాచి, కావలసినప్పుడు కావలసినన్ని దంచుకునేవారు. పొట్టే కవచం. ఇప్పుడు ఆ కవచం ఒలిచిన బియ్యం బస్తాను నెలల తరబడి ఇంట్లో పెట్టుకుని, వేపాకు ఒక్కదాన్నే కాపలా ఉంచుతున్నాం.