జంట సూర్యుల గ్రహాలు: మద్రాసు వేధశాల నుంచి త్రిశంకు మండలం దాకా

చెన్నై నగరం నుంగంబాకంలో వాతావరణ శాఖ ప్రాంతీయ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైటు స్తంభం ఉన్నది. ఈస్టిండియా కంపెనీ వారి ఖగోళ వేధశాల కోసం 1792లో మైకేల్ టాపింగ్ నిలబెట్టించిన స్తంభమది. భవనపు అదురు పరికరానికి సోకకుండా దానిపై కొలత యంత్రాన్ని అమర్చేవారు. ఆసియా ఖండంలో గణితశాస్త్రాలు నాటుకున్న కాలమేదో వెయ్యేళ్ల తరువాతి వారికి తెలియాలన్న ఆకాంక్షను ఆ రాతిపై చెక్కించారు. అది లాటిన్, తమిళం, హిందుస్తానీలతోపాటు తెలుగులోనూ ఉన్నది. ఆ శాసనంలోని ఆత్మస్తుతిని అటుంచితే, వెయ్యేళ్లు కాదు గదా, రెండువందల ఏళ్లు గడిచేసరికే ఆ వేధశాలలో ఏం జరిగిందో మనలో చాలామంది మరచిపోయాం. ముఖ్యంగా 1855లో అక్కడినుంచి వెలువడిన ఒక ప్రకటనను మరచిపోయాం. సూర్యునికి ఆవల, అదీ ఒక జంట నక్షత్రం చెంత, గ్రహం ఉండి తీరాలని వాదించిన తొలి శాస్త్రీయ పత్రాలలో అది ఒకటి.

ఆ ప్రకటన తప్పని తరువాత తేలింది. అయినా దాని చరిత్ర తెలుసుకోదగినది.

జంట నక్షత్రాల విషయం కోరమండల్ తీరానికి అప్పటికి కొత్తది కాదు. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో జెసూయిట్ మతాచార్యుడు జాఁ రిషో ఒక తోకచుక్కను పరిశీలిస్తూ, దారిలో తగిలిన ఆల్ఫా సెంటారి నక్షత్రం ఒకటి కాదు, రెండని గుర్తించాడు. మనకు అతి సమీపంలోని నక్షత్ర కుటుంబం జంట అని లోకానికి తెలిసింది మన తీరంలోని ఒక చిన్న దూరదర్శిని వల్లనే. అయితే ఆ రెండూ నిజంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయా, లేక చూపుకు మాత్రమే పక్కపక్కన ఉన్నాయా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో విలియం హెర్షెల్ తన పాతికేళ్ల కొలతలను సరిపోల్చి, అటువంటి జంటలలో కొన్ని గురుత్వాకర్షణకు లోబడి పరస్పరం పరిభ్రమిస్తున్నాయని నిరూపించిన తరువాతనే యమళ నక్షత్రం అన్న భావన స్థిరపడింది.

హెర్షెల్ 1779లో గుర్తించిన జంటలలో సర్పధారి మండలంలోని 70 ఆఫియూకి ఒకటి. ఇది మనకు సుమారు పదహారున్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. రెండు తారలు ఒక చుట్టు పూర్తిచేయడానికి 88 సంవత్సరాలు పడుతుంది. ఈ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి, దీని అవసరం ముందు వస్తుంది.

1848లో మద్రాసు వేధశాల బాధ్యత స్వీకరించిన కెప్టెన్ విలియం స్టీఫెన్ జాకబ్ బొంబాయి ఇంజనీర్ల దళానికి చెందినవాడు. పూనాలో సొంత ఖర్చుతో చిన్న వేధశాల నడిపిన అనుభవం ఆయనకున్నది. మద్రాసులో ఆయన చేతికి అందిన ముఖ్య సాధనం పారిస్ నగరపు లెరెబూర్-సెక్రెటాన్ వారు తయారుచేసిన, ఇంచుమించు ఆరంగుళాల కటకం గల దూరదర్శిని. కంటికి ఆనించే భాగంలో సాలెపోగు వంటి సన్నని తీగలను మర చుట్టి జరుపుతూ, రెండు తారల మధ్య దూరాన్నీ, ఒకదానికి మరొకటి ఏ దిక్కున ఉన్నదీ కొలవడం అప్పటి పద్ధతి. ఆ కొలతలను జాకబ్ తనకు ముందువారి కొలతలతో కలిపి చూశాడు. చిన్న తార న్యూటన్ సూత్రం చెప్పిన దీర్ఘవృత్తంపై సరిగా నడవడం లేదనిపించింది. ఒకసారి గీతకు ఇటు, మరొకసారి అటు. కంటికి కనిపించని గ్రహమేదో దానిని లాగుతున్నదని అనుకుంటే ఈ తడబాటు చాలావరకు కుదుటపడుతుందని, అటువంటి గ్రహం ఉండడం ఎంతో సంభావ్యమని 1855లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ఆయన ప్రకటించాడు.

ఆ కాలానికి ఇది దుస్సాహసమేమీ కాదు. తొమ్మిదేళ్ల ముందే, 1846లో, యురేనస్ నడకలోని తేడాను లెక్కకట్టి నెప్ట్యూన్‌ను పట్టుకున్నారు. సిరియస్ తార ఊగిసలాటను గమనించిన బెసెల్ దానికొక అదృశ్య సహచరి ఉన్నదని 1844లో చెప్పగా, 1862 జనవరిలో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ కొత్త కటకానికి అది చిక్కింది. జాకబ్ తర్కమూ ఇదే. తర్కంలో లోపం లేదు, లోపం చేతిలోని సామగ్రిలో ఉన్నది. 1779 నుంచి 88 ఏళ్లు లెక్కిస్తే 1867 వస్తుంది. అంటే 1855 నాటికి, హెర్షెల్ చూసిన తరువాత ఆ జంట ఒక్క చుట్టు కూడా పూర్తిచేయలేదు. కక్ష్య ఆకారమే నిర్ధారణ కాని స్థితిలో, దానినుంచి కలిగిన విచలనాన్ని నిర్ధారించబూనడం సాహసమే. కార్యాలయాలలో పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. సంవత్సరాంతపు లెక్కలు తేలకముందే లోటు ఇంతని తేల్చి, దానికి కారణం కూడా రాసిపెట్టిన దస్త్రాలను మనం చూస్తూనే ఉంటాం. దీనికి తోడు, తీగల కొలతలో ఒక్కొక్క పరిశీలకుని కంటికి ఒక్కొక్క అలవాటు ఉంటుంది. పదిమంది కొలతలను ఒకే పట్టికలో చేర్చితే ఆ అలవాట్లే నక్షత్రపు కదలికలుగా భ్రమ గొలుపుతాయి.

1896లో అమెరికన్ జ్యోతిశ్శాస్త్రవేత్త టి.జె.జె. సీ అదే 70 ఆఫియూకిలో అదృశ్య సహచరి ఉన్నదని మరింత గట్టిగా ప్రకటించాడు. మూడేళ్లకు మౌల్టన్ అనే యువ గణితవేత్త, సీ చెప్పిన కొలతలతో మూడు వస్తువులు కలిసి మనజాలవని, ఆ కక్ష్య నిలవదని గణితం ద్వారా చూపాడు. సీ కోపంతో రాసిన జవాబు ఆయన ప్రతిష్ఠనే దెబ్బతీసింది. 1943లో మరొకసారి అదే నక్షత్రంలో గ్రహం కనబడిందన్నారు, అదీ నిలవలేదు. జాకబ్ నడవడి వీరందరికంటె మెరుగని నాకు తోస్తుంది. ఆయన సంభావ్యమన్నాడే గాని సిద్ధమనలేదు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిన ఆయన, కొండలపై నిర్మలమైన గాలిలో వేధశాల నెలకొల్పాలన్న సంకల్పంతో బ్రిటిష్ పార్లమెంటు మంజూరు చేసిన వెయ్యి పౌండ్లతో తిరిగి వచ్చి, 1862 ఆగస్టులో పూనా చేరిన కొద్ది దినాలకే కన్నుమూశాడు.

మద్రాసు వేధశాల అంటే దొరల పేర్లే పుస్తకాలలో మిగిలాయి. పంచాంగకర్తల కుటుంబం నుంచి వచ్చి 1840ల నుంచే ఆ కొలువులో ఉన్న చింతామణి రఘునాథాచారి 1867 జనవరిలో దక్షిణాకాశంలోని ఆర్ రెటిక్యులి అనే చరకాంతి తారను గుర్తించాడు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటే ముహూర్తాన ఆంగ్లంతోపాటు కన్నడ, ఉర్దూ వంటి దేశభాషలలో చిన్న పుస్తకాలు వెలువరించాడు. పంచాంగ గణితాన్ని ప్రత్యక్ష పరిశీలనతో సరిదిద్దాలన్నది ఆయన జీవితకాలపు వాదం. ఆకాశంలో కనిపించినదానికీ కాగితంపై ఉన్నదానికీ తేడా వస్తే దిద్దవలసినది కాగితాన్నే అన్న ఈ నియమం 70 ఆఫియూకి విషయంలోనూ వర్తిస్తుంది.

జాకబ్ మద్రాసులో కొలతలు తీసుకుంటున్న రోజులలోనే, 1852 అక్టోబరులో, లండన్‌లో జాన్ రసెల్ హైండ్ వృషభ మండలంలో మసకమబ్బు వంటి నీహారికనూ దాని పక్కన ఒక తారనూ చూశాడు. తార కాంతి మారుతూ ఉండేది. నీహారికైతే పదేళ్లు తిరిగేసరికి మాసిపోయింది. ఆ తారే టి టారి. 1945లో ఆల్ఫ్రెడ్ జాయ్ అటువంటి తారలను ఒక ప్రత్యేక వర్గంగా చేర్చాడు. అవి అప్పుడే పుట్టిన నక్షత్రాలని, చుట్టూ ఉన్న ధూళి, వాయువులనుంచి ఇంకా రూపు దిద్దుకుంటున్నాయని తరువాతి దశాబ్దాలలో తేలింది. 1980ల తొలినాళ్లలో పరారుణ కిరణాల సాయంతో చూస్తే టి టారి ఒంటరి కాదని, ధూళి మరుగున సహచరి ఉన్నదని తెలిసింది. తరువాత ఆ సహచరి కూడా జంటే అయింది. నక్షత్రాలు తరచు తోబుట్టువులతో పుడతాయన్న అవగాహన ఈ విధంగా బలపడింది.

ధూళిచక్రం నుంచి గ్రహాలు ఏర్పడతాయన్న ఊహ 1755లో కాంట్, 1796లో లాప్లాస్ చెప్పినదే. కాని చక్రాన్ని కంటితో చూపినవారు లేరు. 1983లో పరారుణ ఉపగ్రహం ఐరాస్ కొన్ని నక్షత్రాల చుట్టూ చల్లని ధూళి ఉన్నట్లు పసిగట్టింది. మరుసటి ఏడు చిలీ దేశపు లాస్ కంపానాస్ పర్వతం నుంచి స్మిత్, టెరిల్ అనే ఇద్దరు బీటా పిక్టోరిస్ చుట్టూ పరచుకున్న చక్రాన్ని చిత్రంలో బంధించారు.

చక్రం, జంట సూర్యులు, గ్రహం అనే మూడూ ఒక్కచోట సమకూడిన ఉదాహరణ కోసం మనం త్రిశంకు మండలానికి పోవాలి. ఏప్రిల్, మే నెలల రాత్రులలో మన ఊళ్లనుంచి దక్షిణ దిక్కున, చెట్ల తలలకు కాస్త పైన కనిపించే నాలుగు చుక్కల కూటమి అది. దాని ఉత్తరపు అంచున, వట్టి కంటికి అందని ఒక తార ఉన్నది. దాని పేరు హెచ్.డి. 106906. హెన్రీ డ్రేపర్ పట్టికలోని వరుస సంఖ్య అది, దస్త్రానికి వేసే సంఖ్య వంటిదే. దూరం సుమారు 336 కాంతి సంవత్సరాలు, వయసు కోటిన్నర సంవత్సరాల లోపు. నాలుగున్నర వందల కోట్ల ఏళ్ల మన సూర్యునితో పోలిస్తే పురిటిబిడ్డ.

2013 డిసెంబరులో వెనెస్సా బెయిలీ నాయకత్వాన అరిజోనా విశ్వవిద్యాలయ బృందం, అదే లాస్ కంపానాస్‌లోని మెగెలన్ దూరదర్శినితో దీని గ్రహాన్ని కనుగొన్నది. దాని ద్రవ్యరాశి బృహస్పతికి 11 రెట్లు. ఆశ్చర్యం ఆ బరువులో లేదు, దూరంలో ఉన్నది. భూమికి సూర్యునికి మధ్య గల దూరానికి 700 రెట్లు మించిన ఎడంలో అది తిరుగుతున్నది. అంత దూరాన గ్రహాన్ని కట్టగల సామగ్రి చక్రంలో ఉండదు. తల్లి తార నిజానికి రెండు తారలని, ఒక్కొక్కటి సూర్యునికంటె కొంచెం బరువైనదని, 49 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని ఆ తరువాత తెలిసింది. వాటిని చుట్టి ధూళిచక్రం. అది సమంగా లేదు, ఒక వైపు పొట్టిగా, మరొక వైపు సూదిలా సాగి ఉన్నది.

ఇక్కడ మౌల్టన్ గణితం మరలా ఎదురవుతుంది. జంట తారలకు మరీ దగ్గరగా వచ్చిన గ్రహం నిలవదు, రెండు తారల లాగుడు దానిని వెలుపలికి విసురుతుంది. ఈ గ్రహం చక్రం లోపలే పుట్టి, జంట సూర్యుల సమీపానికి జరిగి, అక్కడినుంచి విసరబడిందని ఒక వాదం. అలా విసిరితే అది కుటుంబాన్ని శాశ్వతంగా వదలి పోవలసినది. ఆ సమయంలో పక్కగా సాగిపోయిన మరొక నక్షత్రం దాని దారిని మలచి ఆపి ఉంటుందని ఊహించారు. సుమారు ముప్ఫై లక్షల సంవత్సరాల క్రితం అలా దగ్గరగా సాగిపోయి ఉండదగిన రెండు తారలను 2019లో డి రోసా, కలాస్ గుర్తించారు కూడా. ఇంద్రుడు తోసివేయగా, విశ్వామిత్రుడు నిలపగా, అటూ ఇటూ కాకుండా వేలాడిన రాజు కథ మన పిల్లలందరికీ తెలిసినదే. ఆ రాజు పేరు గల మండలంలోనే ఈ గ్రహం ఉండడం కేవలం కాకతాళీయం, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

2020లో హబుల్ దూరదర్శిని పద్నాలుగేళ్ల చిత్రాలను సరిపోల్చి ఈ గ్రహం కదలికను కొలిచారు. దాని కక్ష్య చక్రపు తలానికి బాగా ఒరిగి ఉన్నది, ఒక్క చుట్టుకు సుమారు 15,000 సంవత్సరాలు. పద్నాలుగేళ్ల కొలతతో పదిహేను వేల ఏళ్ల కక్ష్యను చెప్పడమంటే జాకబ్ చేసినదానికంటె సాహసం కాదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. సమాధానం ఏమంటే, నేటి పరిశోధకులు ఫలితంతోపాటు ఎంతమేర పొరపాటు ఉండవచ్చునో ఆ హద్దులను కూడా ప్రకటిస్తారు. గ్రహం ఉన్నదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, అది చిత్రంలో కనిపిస్తూనే ఉన్నది.

మద్రాసులోనే తొలి పరగ్రహం కనుగొన్నారని అప్పుడప్పుడు సభలలో వినవస్తుంది. అది నిజం కాదు. ఆ పత్రాన్ని పనికిరానిదిగా తోసివేసి, ఈ చరిత్రను 1990ల నుంచే మొదలుపెట్టే పాఠ్యపుస్తకాలదీ సరైన దారి కాదు. గామా సెఫీ అనే జంటలో గ్రహం ఉన్నదని 1988లో కెనడా శాస్త్రజ్ఞులు అనుమానించి, 1992లో అనుమానాన్ని ఉపసంహరించుకున్నారు. 2003 నాటికి అది నిజమని స్థిరపడింది. ఒక వాదన వీగిపోవడం, మరొకటి వీగి మరల నిలబడడం, రెండూ ఒకే చరిత్రలోని పుటలు.

పుదుచ్చేరిలో రిషో విడదీసి చూసిన ఆల్ఫా సెంటారిలో గ్రహం దొరికిందని 2012లో ప్రకటించారు, 2015లో అది లెక్కల మాయ అని తేలింది. 2025 ఆగస్టులో జేమ్స్ వెబ్ దూరదర్శిని పరిశోధకులు ఆ జంటలోని పెద్ద తార చెంత ఒక మసక బిందువును ప్రకటించారు. 2024 ఆగస్టు చిత్రంలో కనిపించిన ఆ బిందువు 2025 ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల చిత్రాలలో కనిపించలేదు. అప్పటికి అది తార వెలుగులోకి మరలి ఉండవచ్చునని లెక్కకట్టి, దానిని గ్రహమని కాక గ్రహం కాదగినదని మాత్రమే నమోదు చేశారు.