పెళ్ళి పందిట్లో మేళం

నూరేళ్ళ కిందట గోదావరి జిల్లాల్లో కలిగినవాళ్ళ ఇంట పెళ్ళి కుదిరితే, ముహూర్తం తేలగానే వచ్చే ప్రశ్న "మేళం ఎవరిది?" అని. సన్నాయి మేళం ఎలాగూ ఉంటుంది. అడిగేది ఆడి పాడే కళావంతుల భోగం మేళం గురించి. అయిదు రోజుల పెళ్ళికి పేరున్న మేళం రాకపోతే మగపెళ్ళివారు చిన్నబుచ్చుకునేవారని మా మామ్మ చెప్పేది. ఇవాళ ఆ మాట మా ఇళ్ళలో ఎవరైనా ఎత్తితే పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. తగ్గించవలసిన అవసరం నాకు కనబడదు. మన పదాలనూ జావళీలనూ తరాల తరబడి బతికించినవాళ్ళు ఆ మేళాల ఆడవాళ్ళు. వాళ్ళకు తిండి పెట్టినవి చాలావరకు మన పెళ్ళిళ్ళు.

మేళం కుదుర్చుకోవడానికి ఇంటి పెద్ద తరపున ఒకరు వెళ్ళి, నాయకురాలి చేతిలో తాంబూలం, బయానా పెట్టి వచ్చేవారు. ఆమె వెంట మరికొందరు ఆడేవాళ్ళు, వంత పాడేవాళ్ళు, తాళం, మద్దెల, శ్రుతి పట్టేవాళ్ళు. వాళ్ళ బసా భోజనాలూ పెళ్ళివారివే. మాట్లాడుకున్న సొమ్ము కాక, ఆట మధ్యలో సభలోని పెద్దమనుషులు చదివించేది వేరు. ఊరేగింపులో పల్లకీ ముందు నడుస్తూ ఆడటం ఒక పని, రాత్రి పందిట్లో మేజువాణి ఇంకో పని. మరో పని కూడా ఉండేది. దేవుడికి అంకితమైన ఆమె నిత్యసుమంగళి కాబట్టి పెళ్ళికూతురి తాళికి పూసలు ఆమె చేత గుచ్చించేవారు. దక్షిణాది కులాల గురించి 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో ఈ ఆచారం ఉంది. ఆమె చెయ్యి మంగళకరం, ఆమెతో ఒకే పంక్తిన కూర్చోవడం మాత్రం కుదరదు. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే రోజున నడిచాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మేజువాణి అనగానే సినిమాలు చూపించిన గెంతులు గుర్తు తెచ్చుకోకండి. జంపఖానా మీద కూర్చుని, ముఖంతో, చేతులతో, కళ్ళతో ఒక్క క్షేత్రయ్య పదాన్ని సగం రాత్రి దాకా నడిపించగలిగిన విద్య అది. పల్లవిలోని ఒకే మాటను ఒకసారి అలిగి, ఒకసారి బతిమాలి, ఒకసారి ఎత్తిపొడిచి, ఒకసారి అలిసిపోయి అభినయించేది. వినేవాళ్ళకు సాహిత్యం కంఠతా వచ్చు కాబట్టి, ఈసారి ఏ కొత్త అర్థం తీస్తుందోనని కాచుకుని ఉండేవారు. పదిహేడో శతాబ్దంలో మువ్వగోపాలుడి పేర కట్టిన పదాలు ఇరవయ్యో శతాబ్దం దాకా ఇలా పందిరి నుంచి పందిరికి నడిచాయి. ఆ మేళాలు గొల్లకలాపం కూడా ఆడేవి. అందులో చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుడితో వాదం వేసుకుని, కడుపులో పిండం నెలనెలా ఎలా పెరుగుతుందో, యజ్ఞం అంటే ఏమిటో వివరించి చెబుతుంది. వేదం చదవనివ్వని ఆడదాని నోట వేదార్థం! మామ్మా, తోడికోడళ్ళూ ఇదంతా లోపలి గది కిటికీ చువ్వల వెనక నిలబడి చూసేవారట. అలా చెవిన పడ్డ పదాలు వంటింట్లో పాడుకోవడం నేనూ విన్నాను.

ఈ మేళాలను ఆపాలన్న మాట గట్టిగా లేచింది రాజమహేంద్రవరం నుంచే. కందుకూరి వీరేశలింగంగారు 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని పత్రికలో మేళాలు పెట్టించే పెద్దమనుషులను ఉతికి ఆరేశారు. 1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు వైస్రాయికీ, గవర్నరుకీ విజ్ఞాపన పంపారు, మేళాలున్న విందులకు తమరు వెళ్ళవద్దని. తాము చూసిన ఆటల్లో అసభ్యమేమీ లేదని దొరలు తోసిపుచ్చారు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారు అదే పోరాటాన్ని తన విద్యార్థుల్లోకి తీసుకువెళ్ళారు. ఊహ తెలియని పిల్లను ఈ వృత్తిలో దించే పద్ధతి పోవలసిందే. అందులో సంస్కర్తలదే న్యాయం, నాకు సందేహం లేదు. కాని మేళాన్ని పిలవకండి, చూడకండి అన్న ఉద్యమంలో, పిలవకపోతే ఆమె ఏం తిని బతకాలన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. ఆ చోటు ఇచ్చినవాడు గురజాడ. ఆయన కన్యాశుల్కం నాటకంలో, మేళాలను వ్యతిరేకించే యాంటీనాచి సౌజన్యారావు పంతులుగారిని వేశ్య మధురవాణి నిలదీసే ఘట్టం అందుకే ఇవాళ్టికీ పాతబడలేదు. నాటకం బయట కూడా ఆ ఆడవాళ్ళు ఊరుకోలేదు. 1920ల చివర, ఆడపిల్లలను గుడికి అంకితం చెయ్యడాన్ని ఆపాలన్న ముత్తులక్ష్మీరెడ్డిగారి బిల్లు మీద దేవదాసీలు సంఘాలుగా కూడి అర్జీలు పెట్టుకున్నారు. వాళ్ళ తరపున మాట్లాడినవారిలో బెంగుళూరు నాగరత్నమ్మ ఒకరు.

చట్టాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1947 నాటి మద్రాసు చట్టం దేవుడికి అంకితం చెయ్యడాన్నీ, గుడిలోనూ దేవుడి ఊరేగింపులోనూ ఆడటాన్నీ నిషేధించింది. పెళ్ళి పందిరి మాత్రం మిగిలింది. 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెళ్ళిళ్ళలో, ఇళ్ళలో జరిగే వేడుకల్లో ఆడటాన్ని కూడా నేరం చేసింది. చరిత్ర రాసేవాళ్ళు తరచు 1947 దగ్గర ఆగిపోతారు. నా లెక్కలో మేళాన్ని నిజంగా మూయించింది 1956. గుడి ఇచ్చింది గౌరవం, కొద్దిపాటి మాన్యం. ఇల్లు గడిచింది పెళ్ళిళ్ళ మీద.

ఆ ఖాళీలోకి వేరేవి వచ్చాయి. హరికథ అప్పటికే ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తెచ్చిన మర్యాద వల్ల మేళం మానేసినవాళ్ళు ధైర్యంగా పెళ్ళిలో హరిదాసును పిలిచారు. తర్వాత బ్యాండు మేళం, మైకుసెట్టు, సినిమా పాటల ఆర్కెస్ట్రా. ఇప్పుడు రాజమండ్రి పెళ్ళిలోనూ ముందు రోజు సంగీత్, ఊరేగింపులో తలపాగాలు చుట్టుకున్న పంజాబీ ఢోల్ వాళ్ళు. ఆ ఢోల్ అంటే నాకు కోపం లేదు, వాళ్ళదీ కష్టపడి నేర్చిన విద్యే.

మేళాల విద్య పూర్తిగా పోలేదంటే ఆ ఇళ్ళలో మిగిలిన పెద్దవాళ్ళ చలవ. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు వాళ్ళ గడపలకు వెళ్ళి నేర్చుకుని, దాన్ని ఆంధ్రనాట్యం పేరిట వేదిక ఎక్కించారు. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో ఆడిన సారిదె మాణిక్యమ్మగారు తర్వాతి తరానికి నేర్పారు. ఆమె దగ్గర నేర్చుకున్న నర్తకి స్వప్నసుందరి విలాసినీ నాట్యమన్న పేరుతో దేశమంతా చూపించారు.

మా మనవరాలి సంగీత్‌కి ఈవెంట్ వాళ్ళతో పట్టుబట్టి అరగంట అడిగి తీసుకున్నాను. ఒక నర్తకి వచ్చి కూర్చుని ఒకే పదం అభినయించింది. ఢోల్ బృందానికి ఇచ్చినంత సొమ్మూ ఆమెకు ఇప్పించాను. ఆ అమ్మాయి కళావంతుల కుటుంబంలోది కాదు. నాకు తెలిసిన ఆ కుటుంబాల పిల్లలు టీచర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. వాళ్ళ అమ్మమ్మలు ఏం పాడేవారో అడిగితే మాట మార్చేస్తారు. మార్చక ఏం చేస్తారు? ఆ విద్య పేరు చెప్పి ఊరు వాళ్ళను అన్న మాటలు ఇంకా వాళ్ళ చెవుల్లో ఉన్నాయి.