షోలాపురపు బీడీ కార్మికురాండ్రు - సొంత ఇండ్లు

మహారాష్ట్రమున తెలుగువారు తరతరములుగా స్థిరపడిన పట్టణములలో షోలాపురము ముఖ్యమైనది. తెలంగాణపు పద్మశాలీలు మగ్గమును నమ్ముకొని ఇచటికి వచ్చిరి. 1877లో నూలుమిల్లు వెలసిన పిమ్మట మిల్లు కూలి మఱింతమందిని రప్పించినది. ఆ మిల్లు 1949లో మూతపడగా మఱుసటి యేడు భారత ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టినది. 1963లో అది మరల మూతపడినది. మన పెద్దలను గూర్చి చెప్పునపుడు మగ్గమునే తలచుకొందుము గాని, మగవాని కూలి ఆగినపుడు పొయ్యి ఆరకుండ కాపాడినది ఇంటి ఇల్లాలి ఒడిలోని బీడీల చాట.

ఆ పని తీరు తెలిసిననే తక్కిన కథ బోధపడును. తునికాకు, పొగాకు, దారము కార్ఖానా ఇచ్చును. ఆకు తడిపి, కత్తిరించి, పొడి నింపి, చుట్టి, దారము కట్టి అప్పగింపవలెను. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. బాగులేవని తీసివేసిన వానికి కూలి లేదు. పని యంతయు ఇంటనే జరుగును. అనగా ఇల్లే కార్ఖానా. దాని అద్దె మాత్రము యజమానికి పట్టదు, కార్మికురాలే చెల్లించుకొనవలెను.

పద్మశాలి సంఘములు విద్యాలయములను నడపినవి. మార్కండేయుని పేరిట సహకార వైద్యాలయము వెలసినది. ఇవి స్తుత్యములే. కాని మరమగ్గముల యజమానులలోను, వానిపై పనిచేయు కూలీలలోను పద్మశాలీలు కలరు. కూలి తగవు వచ్చినపుడు కులసంఘ మెవరి పక్షము వహించును? కావుననే వృత్తినిబట్టి ఏర్పడు సంఘమొకటి వేఱుగ అవసరమైనదని నా యభిప్రాయము.

తెలుగు చేనేత కుటుంబమునుండి వచ్చిన కార్మిక నాయకుడు, పలుమారులు శాసనసభ్యుడైన నరసయ్య ఆడం ప్రోద్బలమున బీడీ కార్మికురాండ్రు సహకార గృహనిర్మాణ సంఘముగ నేర్పడిరి. దానికి గోదావరీ పరులేకర్ పేరు పెట్టిరి. కేంద్రము కొంత, రాష్ట్రము కొంత, కార్మికురాలు కొంత భరించు పద్ధతిని కుంభారి గ్రామమున 10,000 ఇండ్లు లేచినవి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వానిని ప్రారంభించిరి. దినకూలిపై బ్రతుకు స్త్రీలు తమ వాటాను కూడబెట్టి చెల్లించుట నిజముగ అబ్బురము. ఆ త్రోవనే అసంఘటిత కార్మికులకై రాయనగరమున 30,000 ఇండ్లు తలపెట్టబడినవి. ఇందు తెలుగేతరులును కలరు. వానిలో 15,000 ఇండ్లను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ లబ్ధిదారులకు అంకితము చేసిరి.

అద్దె బాధ తొలగినది. వేయి బీడీల కూలిని గూర్చిన తగవు మాత్రము ఆ కొత్త ఇండ్లలోనికి కూడ వెంట వచ్చినది.