ఒక్క నాళం కోసం

ముప్పై నాలుగో ఏట ఒక ఉదయం లోదుస్తుల మీద రక్తపు మరక చూసి మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. సాహిత్యంలో స్త్రీ శరీరం గురించి పేజీలు పేజీలు రాసినదాన్ని, అమ్మ దగ్గర 'రొమ్ము' అనలేక 'ఛాతీలో ఏదో' అన్నాను.

పరీక్షలన్నీ అయ్యాక పాలనాళంలో పాపిల్లోమా, అంటే చిన్న కండ పెరిగిందనీ, కేన్సర్ కాదనీ తేల్చారు. చనుమొన కింది నాళాలన్నీ తీసేద్దామన్నారు సర్జన్. రేపు బిడ్డ పుడితే ఆ వైపు పాలివ్వలేనన్న సంగతి నేనడిగితేగాని చెప్పలేదు.

'అన్నీ' అన్న ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను.

1840లో లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ రొమ్ము నిర్మాణం మీద పుస్తకం వేశాడు. పాలిచ్చే దశలో చనిపోయిన స్త్రీల నాళాల్లోకి రంగు మైనం ఎక్కించి వాటి దారులు బొమ్మలుగా వేయించాడు. ఆ పుస్తకానికి ఆయన పేరుంది. ఆ తల్లుల పేర్లు మనకు తెలియవు. 1960లో ఇంగ్లండులో హాడ్‌ఫీల్డ్, కేన్సర్ కాని జబ్బులకు ప్రధాన నాళాలన్నిటినీ తీసేసే ఆపరేషన్‌ను వివరించాడు. నాళం లోపలికి కంటితో చూసే సాధనం అప్పటికి లేదు మరి.

1970లలో అమెరికాలో ఇంకా ఘోరం. బయాప్సీ కోసం మత్తిచ్చి, కేన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. నిద్ర లేచాకే ఆమెకు తెలిసేది. 1974లో రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు దీనికి ఒప్పుకోలేదు, పోరాడింది. 1979లో జాతీయ నిపుణుల సమావేశం ఆ రెండిటినీ విడదీయాలంది.

1991లో జపాన్‌లో ఒకజాకి, మకితా బృందాలు నాళ ఎండోస్కోపీ గురించి ప్రకటించాయి. చనుమొన మీది రంధ్రాన్ని మెల్లగా వెడల్పు చేసి, సెలైన్ పంపుతూ, మిల్లీమీటరు మందం గొట్టంతో లోపలికి చూస్తారు. తర్వాత కొన్నిచోట్ల బుట్టలాంటి చిన్న పరికరంతో పాపిల్లోమాను పట్టి తీయడం మొదలైంది. అయితే గొట్టం చివరి కొమ్మలదాకా పోదు. కేన్సర్ లేదని అదొక్కటే తేల్చనూ లేదు. అదే 1991లో మన హైదరాబాదులో స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆ గొట్టం నాదాకా రాలేదు గానీ ఆ పుస్తకం వచ్చింది. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు కూచోవడం దాన్నుంచే నేర్చుకున్నాను.

రక్తం వస్తున్న ఒక్క నాళాన్నే తీయమని అడిగాను. కాసేపు ఆలోచించి, నా విషయంలో అది కుదురుతుందన్నారు. అలాగే చేశారు.

ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి అమ్మతో 'రొమ్ము' అనే మాట పూర్తిగా పలికి, జరిగిందంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వు పుట్టిన రెండేళ్లకి నాకూ అట్లాగే రక్తం వచ్చిందే. దానంతటదే ఆగింది. మీ నాన్నక్కూడా చెప్పలేదు," అంది.

మర్నాడు అమ్మను పరీక్షలకు తీసుకెళ్లాను.