ఆరు బ్యాటరీలు, పదహారు వైర్లు

సోలార్ పలకలు ఎడాపెడా తిరిగి ఉన్నాయి. సోయుజ్ వ్యోమనౌక కిటికీలోంచి చూస్తున్న ఇద్దరికీ ముందు కంటపడింది అదే. పలకలన్నీ ఒకే వరసలో సూర్యుడికి ఎదురుగా ఉండాలి. ఇవేమో ఒకటి అటు, ఒకటి ఇటు. అంటే వాటిని తిప్పే మోటార్లకు కరెంటు అందడం లేదు. మోటార్లకే లేదంటే లోపల దేనికీ లేనట్టే. 1985 జూన్ 8. సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-7 నాలుగు నెలలుగా ఉలుకూ పలుకూ లేకుండా భూమి చుట్టూ తిరుగుతోంది. వ్లదీమిర్ జానిబెకోవ్ చేతులు కంట్రోళ్ల మీద ఉన్నాయి, పక్కన విక్టర్ సవినిఖ్ లేజర్‌తో దూరం కొలిచి చెబుతున్నాడు, దారి చూపే సిగ్నల్ ఒక్కటీ పంపని ఆ 20 టన్నుల కేంద్రానికి కంటిచూపునీ చేతి ఒడుపునీ మాత్రమే నమ్ముకుని నౌకను మెల్లగా ఆనించాలి. ఆనింది. కొక్కేలు పడ్డాయి. అవతల గాలి ఉందో లేదో మాత్రం తెలీదు.

హ్యాచ్‌లో చిన్న వాల్వు తిప్పారు. బుస్సుమంది. గాలి ఉంది! అది పీల్చే గాలేనా? లోపల ఏ వైర్లు మాడాయో, ఏ పొగ నిండిందో. ఉన్ని టోపీలు చెవులదాకా లాక్కుని, గ్యాస్ మాస్కులు తగిలించుకుని, టార్చీలు పట్టుకుని లోపలికి తేలారు. చిమ్మచీకటి. గోడల మీద మంచు పొర. ఫ్యాన్ల రొద ఉండాల్సిన చోట చప్పుడే లేదు. ఉమ్మి చూడమన్నారు కిందనుంచి కంట్రోలు వాళ్లు. జానిబెకోవ్ ఉమ్మాడు. 3 సెకన్లలో గడ్డకట్టింది. టేబుల్ దగ్గర, వెళ్లినవాళ్లు వచ్చేవాళ్ల కోసం ఆనవాయితీగా ఉంచిన ఎండు రొట్టె, ఉప్పు బిళ్లలు. లైటు స్విచ్ వేశారు. వెలగలేదు.

అంతకు ఏడాది కిందటే, 1984 ఏప్రిల్‌లో, మన రాకేశ్ శర్మ వారం రోజులు గడిపి వచ్చింది ఈ కేంద్రంలోనే. అక్టోబరులో చివరి బృందం దిగిపోయాక దాన్ని ఖాళీగా ఉంచి, మాస్కో పక్కనున్న కంట్రోలు కేంద్రం నుంచి రేడియోతో చూసుకుంటున్నారు. 1985 ఫిబ్రవరి 11న ఓవర్‌లోడై ఒక ట్రాన్స్‌మిటర్ ట్రిప్పయింది. ఎందుకు ట్రిప్పయిందో తేల్చకుండా తర్వాతి షిఫ్టువాళ్లు దాన్ని మళ్లీ ఆన్ చేశారు. షార్ట్ సర్క్యూట్. రేడియో మొత్తం చచ్చింది. సరే, రేడియో పోయింది. ఎండ ఉంది, పలకలున్నాయి. మరి బ్యాటరీలెందుకు ఖాళీ అయ్యాయి?

ఆ ఆరా తీసే తీరిక లేదు. కేంద్రంలో నీళ్లన్నీ గడ్డకట్టాయి. వెంట తెచ్చుకున్నవి మామూలుగా వాడుకుంటే 8 రోజులు. బ్యాటరీలూ ఎనిమిదే. ఒక్కొక్కటీ పరీక్షించారు. రెండు ఇక లేవవు. మిగతా ఆరింటి మీదే ఆశ. సోయుజ్ నుంచే కరెంటు ఇచ్చేస్తే? పాత షార్టు ఇంకా ఎక్కడో పొంచి ఉంటే సోయుజ్ కూడా పోతుంది. ఇంటికెళ్లడానికి ఉన్న బండి అదొక్కటే. అసలు పీటముడి ఇంకోటుంది. పలకల నుంచి కరెంటు బ్యాటరీకి చేరాలంటే మధ్యలో రిలే అనే స్విచ్ పడాలి. రిలే పడాలంటే బ్యాటరీలో కరెంటుండాలి. ఇంటిమీద సోలార్ పెట్టుకున్న కొందరికి ఈ తిప్పలు తెలుసు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే ఇన్వర్టర్ లేవదు, ఇన్వర్టర్ లేవకపోతే ఛార్జింగ్ ఎక్కదు. ఊళ్లో అయితే మెకానిక్ విడి ఛార్జర్ పట్టుకొచ్చి బ్యాటరీకి కాస్త ఊపిరి పోస్తాడు. ఇక్కడ ఎవరొస్తారు?

మిగిలింది ఒక్కటే దారి. మధ్యలో ఉన్నవన్నీ తప్పించి, పలకల వైర్లను తిన్నగా బ్యాటరీలకే కలిపెయ్యాలి. 16 వైర్లు. ఏది ఎక్కణ్నుంచి వస్తోందో ముందు పట్టుకోవాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఆ ఆరూ దక్కవు. చేతి తొడుగులతో అయ్యే పని కాదు, తీసెయ్యక తప్పలేదు. కొంకర్లు పోతున్న వేళ్లతో ఇన్సులేషన్ ఒలవడం, రాగి తీగలు మెలిపెట్టడం, టేపు చుట్టడం, ఊపిరి పీల్చుకుని ఇంకో వైరు అందుకోవడం, ఆ ఊపిరేమో ఫ్యాన్లు తిరగని గదిలో ఎటూ పోక మొహం చుట్టూనే మూగి కార్బన్ డయాక్సైడ్‌తో తలపోటు తెప్పించడం. ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలని కిందనుంచి ఆర్డరు. మత్తు కమ్మితే లాక్కురావాలిగా. పదహారూ కలిశాయి. ఛార్జింగ్ మాత్రం ఎక్కదు. పలకలు ఇంకా ఎండకు పెడగానే ఉన్నాయి!

పలకల్ని తిప్పలేనప్పుడు కేంద్రాన్నే తిప్పాలి. సోయుజ్ ఇంజన్లు చిన్నచిన్నగా వెలిగించి, అంటుకుని ఉన్న మొత్తం కేంద్రాన్ని సూర్యుడివైపు మళ్లించారు. ఎండ పడింది. గంటలు గడిచాయి. మొదటి బ్యాటరీ ఎక్కింది. దాని వెనకే ఇంకోటి. ఛార్జయిన బ్యాటరీలను కేంద్రం లైన్‌కు కలిపారు. స్విచ్ వేశారు. లైట్లు వెలిగాయి! ఫ్యాన్లు తిరిగాయి. ఇక దోషిని పట్టుకోవాలి.

దొరికింది. ఒక సెన్సర్. బ్యాటరీ నిండగానే ఛార్జింగ్ ఆపించడం దాని పని. అది చెడిపోయి, ఖాళీ బ్యాటరీని కూడా నిండిందనే చెబుతూ వచ్చింది. సిస్టమ్ దాని మాట నమ్మి పలకలను తప్పించేసింది. రేడియో పనిచేస్తుంటే కిందనుంచి ఒక్క కమాండ్‌తో సరిదిద్దేవాళ్లు. విడివిడిగా వచ్చుంటే రెండూ చిన్న రిపేర్లే, ఒకేసారి వచ్చేసరికి కేంద్రం గడ్డకట్టింది.

గది వేడెక్కగానే ఇంకో గండం. మంచు కరిగి వైర్ల మీద, కనెక్టర్ల మీద నీటి చెమ్మ. అంత కష్టపడి తెచ్చిన కరెంటే ఇప్పుడు షార్టయితే? పాత బట్టలు చింపి మూలమూలా తుడిచారు. జూన్ 23న ప్రోగ్రెస్-24 సరుకు నౌక నీళ్లూ కొత్త బ్యాటరీలూ మోసుకొచ్చింది. ఆగస్టు 2న స్పేస్‌సూట్లు వేసుకుని ఇద్దరూ బయటికెళ్లి, కేంద్రానికి అదనపు సోలార్ పలకలు బిగించి వచ్చారు.