ఆ చేతి నీళ్ళు

మే నెల. పదిన్నరకే చర్చి గోడలు కాగిపోతున్నాయి. ఇప్పుడే కరెంటు పోయింది. పైన ఫ్యాను చివరి చుట్టు తిరిగి ఆగిపోతోంది. సంచిలోంచి మీ నీళ్ళ సీసా తీసి ఒక గుక్క తాగండి. ఎదురుగా నేలమీద ముప్పైమంది పిల్లలు. వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, మూడో రోజు. పాటలయ్యాయి, చప్పట్లయ్యాయి. ఇక కథ చెప్పాల్సింది మీరే.

ఒకసారి పట్టాల వంక చూడండి. పొద్దున మీరు రెంటినీ కలిపే పరిచారు. ఇప్పుడు వాటి మధ్య జానెడు ఖాళీ ఉంది. ఎవరు జరిపారో తెలియదు. ఎడమ పట్టామీద మాలపల్లె పిల్లలు, కుడి పట్టామీద మాదిగపల్లె పిల్లలు. ఎవరూ చెప్పి కూర్చోబెట్టలేదు. కాళ్ళు వాటంతటవే అటొకటి ఇటొకటి నడిచాయి.

అందరూ క్రైస్తవులే కదా, ఈ గీత ఎక్కడిదంటారా? మిషనరీలు రాకముందు నుంచీ ఉన్నదే. గుంటూరు ప్రాంతంలో లూథరన్ మిషను ఎక్కువగా మాలల్లోకి వెళ్ళింది, ఒంగోలు వైపు బాప్టిస్టు మిషను మాదిగల్లోకి వెళ్ళింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. అలా ఎవరి పల్లె వాళ్ళదే, ఎవరి చర్చి వాళ్ళదే అయింది. ఈ ఊళ్ళోనూ అంతే. ఈ పదిరోజులు మాత్రం పిల్లలంతా ఒక్కచోటికి వస్తున్నారు.

మంచి సమరయుడి కథ చెప్పొచ్చు. అది పిల్లలకు నోటికి వచ్చు. కానీ ఆ కథ వింటూ మనం ఎప్పుడూ గాయాలు కట్టేవాడి పక్కనే నిలబడతాం. ఇచ్చే చెయ్యి మనదే అనుకుంటాం. జాలి చూపించడం తేలిక. అందుకే మీరు బావి దగ్గరి కథ ఎంచుకున్నారు.

"మిట్టమధ్యాహ్నం," అని మొదలుపెట్టండి. "యేసు ప్రభువు నడిచి నడిచి అలిసిపోయాడు. సుఖారు ఊరి బయట యాకోబు బావి ఉంది. చాలా లోతు. ఆయన దగ్గర చేద లేదు."

పిల్లలు ముందుకు జరుగుతారు. ఎండ గురించి, దాహం గురించి వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

"నీళ్ళకొచ్చింది సమరయ ఆవిడ. యూదులు సమరయుల గిన్నె ముట్టుకునేవాళ్ళు కాదు."

"వాళ్ళది వేరే దేవుడా టీచర్?"

"కాదు నాన్నా. ఒకే దేవుడు. మోషే రాసిన అవే అయిదు పుస్తకాలు. పేచీ అంతా కొండ దగ్గరే. యూదులు యెరూషలేములో మొక్కాలంటారు, వాళ్ళు గెరిజీము కొండమీద మొక్కాలంటారు."

"ఇప్పుడున్నారా వాళ్ళు?"

"ఉన్నారు. వెయ్యిమంది కూడా లేరు. ఇప్పటికీ ఆ కొండమీదే పస్కా చేసుకుంటారు. బావి కూడా ఉంది. నాబ్లస్ దగ్గర, దానిమీద చర్చి కట్టారు. సరే, ప్రభువేం చేశాడు? ఆవిడకు నీళ్ళిచ్చాడా?"

"ఇచ్చాడు!" రెండు పట్టాలూ ఒక్కసారే అరుస్తాయి.

"లేదు. అడిగాడు."

అరుపులు ఆగిపోతాయి. "రండి, ఆడి చూద్దాం," అంటారు మీరు. ఎడమ పట్టామీంచి తొమ్మిదేళ్ళ పిల్లాడు దూకుతాడు. యేసు వేషం వాడికే కావాలి. కుడివైపు నుంచి రెండు జడల పిల్ల లేస్తుంది. ఉత్త గ్లాసుతో ఆడించాలని మీ ఆలోచన. ఆ పిల్ల అప్పటికే మూలనున్న కుండ దగ్గరుంది. మూత తీసింది. స్టీలు గ్లాసు ముంచింది. ఒలకకుండా చిన్న చిన్న అడుగులేస్తూ వస్తోంది.

"నాకు నీళ్ళియ్యి!" అంటాడు వాడు పెద్ద గొంతుతో.

ఆ పిల్ల గ్లాసు చాపింది.

వాడి చెయ్యి లేవలేదు.

"తీసుకో నాన్నా."

"మా నాయనమ్మ తిడుతుంది." గొంతు చిన్నదైంది. "వాళ్ళ చేతివి తాగొద్దంది."

అందరికీ వినబడింది. పిల్ల కదల్లేదు. గ్లాసులో నీళ్ళు వణికాయి. గుమ్మంలో వాడి నాయనమ్మ. మనవడి కోసం తొందరగా వచ్చింది. ఆవిడా విన్నది.

కుడి పట్టామీద పెద్ద కుర్రాడు లేచాడు. పిడికిలి బిగించాడు.

మీకు కారంచేడు గుర్తొస్తుంది. 1985 జూలై. మంచినీళ్ళ చెరువు దగ్గరే మొదలైంది. ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి. అక్కడ దాడి చేసింది పెత్తందారులు. ఇక్కడ ఇద్దరూ పల్లె పిల్లలే.

ఏం చేస్తారు?

తాగినట్టు నటించమనొచ్చు. గండం గడుస్తుంది. ఆ పిల్ల మరిచిపోదు.

వాణ్ణి కసరొచ్చు. రేపు వాడు రాడు. ఎడమ పట్టా ఖాళీ.

త్వరగా. పిల్ల చెయ్యి దిగుతోంది.

మీరు నేలమీద కూర్చుంటారు. గుమ్మం వైపు తిరుగుతారు. "అవ్వా, మీ చిన్నప్పుడు నీళ్ళెక్కడ తెచ్చుకునేవాళ్ళు?"

అడిగాక భయమేస్తుంది. పెద్దావిణ్ణి నలుగురిలో నిలబెట్టారు. ఆవిడ మిమ్మల్ని చూడదు. కొంగు సర్దుకుంటుంది. మళ్ళీ సర్దుకుంటుంది.

"ఊరి బావి," అంటుంది చివరికి. "మమ్మల్ని గట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. కింద కడవలు పెట్టుకుని కూచునేవాళ్ళం. వాళ్ళలో ఎవరికన్నా జాలేస్తే తోడి పోసేవాళ్ళు. దప్పికైతే దోసిలి పట్టాలి. పైనుంచి పోస్తే సగం మోచేతుల మీదుగా కారిపోయేది."

అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం 1950లోనే అమల్లోకి వచ్చింది. ఈవిడ పుట్టింది ఆ తర్వాతే.

"నీకా?" అంటాడు పిల్లాడు. ఈ సంగతి వాడు ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆవిడ బదులు చెప్పదు. తాగమనీ అనదు, వద్దనీ అనదు.

"చెయ్యి లాగుతోంది," అంటుంది పిల్ల. "తాగుతావా, పారబొయ్యనా?"

వాడు తీసుకుంటాడు. అంచు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటాడు. పొలమారుతుంది. ముక్కులోంచి నీళ్ళొస్తాయి. రెండు పట్టాలూ గొల్లున నవ్వుతాయి. వాడూ నవ్వేస్తాడు. మిగిలిన సగం గ్లాసు మూతికి పెట్టుకుని గటగటా తాగేస్తాడు.

లేచిన కుర్రాడు కూర్చుంటాడు. పట్టాల మధ్య జానెడు ఖాళీ అలాగే ఉంది. ఇంకా ఏడు రోజులున్నాయి.

పిల్ల మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళింది. అదే గ్లాసు నింపుకుని ఈసారి మీవైపు వస్తోంది.

"మీకు, టీచర్?"

ఆ పిల్ల చూపు గ్లాసుమీద లేదు. మీ సంచిలోంచి పైకి కనబడుతున్న నీళ్ళ సీసా మీద ఉంది.