గుర్రపు గిట్ట - దాణాలో ఖనిజాలు: బయోటిన్ వాదంపై పునర్విచారణ

గిట్ట పగిలిన గుర్రానికి బయోటిన్ పొడి రాసివ్వడం మన పశువైద్యంలో ప్రశ్నించని అలవాటైపోయింది. హైదరాబాద్‌లో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవారి శాలల్లో తిరుగుతున్నప్పుడు నాకు ఈ అలవాటుపై అనుమానం కలిగింది. అంచులు పెచ్చులూడి, లాడం మేకులు నిలవని గిట్టలున్న గుర్రాల తొట్టిలో తరచుగా కనిపించింది గోధుమ తవుడు, పక్కన ఎండు చొప్ప లేదా వరిగడ్డి. బయోటిన్ వాడుతున్న చోటా పరిస్థితి అదే. లోపం విటమిన్‌ది కాదు, ఖనిజాలదన్న ఊహ అక్కడే మొదలైంది.

బయోటిన్ వాదానికి శాస్త్రీయ ప్రతిష్ఠ తెచ్చినవారిలో ముఖ్యులు జోసెక్, జెంకర్, గేయర్. 1995లో ఈక్విన్ వెటర్నరీ జర్నల్‌లో వచ్చిన వారి పరిశోధనలో, గిట్టలు చెడిన 42 లిపిజానర్ గుర్రాలలో కొన్నిటికి రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్, మిగతావాటికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సుమారు 9 నెలల తర్వాత బయోటిన్ గుంపులో గిట్ట నాణ్యత మెరుగైంది. కాని గిట్ట పెరిగే వేగంలో తేడా రాలేదని వారే తేల్చారు. ఈ రెండో మాటను తర్వాతివారు గాలికి వదిలేశారు. పేరుమోసిన శాలల్లో పెరిగే లిపిజానర్ల ఫలితాన్ని తవుడుతో బతికే గుర్రానికి అంటగట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. 1992లో బఫా బృందం, 1998లో రైలీ బృందం పెరుగుదల వేగం కూడా హెచ్చిందన్న మాట నిజమే గాని, రైలీ బృందం చూసినవి ఎనిమిది పోనీలే.

నా దృష్టిలో అసలు దారి చూపినవారు సుసాన్ కెంప్సన్. 1987లో వెటర్నరీ రికార్డ్‌లో ఆమె పెళుసు గిట్టలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి రెండు రకాల లోపాలను వేరుచేశారు. మొదటిది గిట్ట గోడ పైపొరది. దానికి బయోటిన్ పనిచేసింది. రెండోది లోపలి పొరలది. దానికి బయోటిన్ ఒక్కటే చాలలేదు, కాల్షియం, మాంసకృత్తులు జతచేయవలసి వచ్చింది. తవుడులోని ఫైటేటు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వదన్నది ఇందులో కీలకం.

మన తొట్టికి ఈ లెక్క కట్టి చూద్దాం. 500 కిలోల గుర్రానికి పని లేకున్నా రోజుకు 20 గ్రాముల కాల్షియం, 14 గ్రాముల భాస్వరం కావాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో నిర్ణయించింది. రెండు కిలోల గోధుమ తవుడులో భాస్వరం 20 గ్రాములు దాటుతుంది, కాల్షియం 3 గ్రాములకు మించదు. ఆక్సలేట్లున్న వరిగడ్డి, నేపియర్ గడ్డి తోడైతే ఆ కొద్ది కాల్షియమూ పూర్తిగా ఒంటబట్టదు. గిట్ట కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకోవడానికి కాల్షియం అవసరం. కెరటిన్ ఏర్పడటానికి జింకు, దాని పోగుల మధ్య గంధకపు బంధాలు బిగియడానికి రాగి కావాలి. అదే మండలి లెక్కలో వీటి రోజువారీ అవసరం జింకు 400, రాగి 100 మిల్లీగ్రాములు. ఫైటేటు జింకునూ కట్టిపడేస్తుంది. జపాన్‌లో హిగామి 1999లో ప్రచురించిన పరిశీలనలో గిట్టకు వచ్చే తెల్లగీత జబ్బు జింకు, రాగి తక్కువైన మేత తినే గుర్రాలలో కనిపించడం ఈ వాదానికి గట్టి ఆసరా.

నిజమే, మేతతోపాటు గిట్ట పెరుగుదల వయసు, రుతువు, నడక, చెక్కే తీరుపైనా ఆధారపడుతుంది. కాని గిట్ట పగలడానికి మూలం మేతలోనే ఉందన్నది నా వాదం.

ఖనిజాలంటే చేతికందినవన్నీ కలపడం కాదు. సెలీనియం ఎక్కువైతే కెరటిన్‌లో గంధకం చోటు ఆక్రమించి, గిట్ట పైఅంచు వద్ద అడ్డంగా పగులుతుంది, జూలూ తోకా రాలతాయి. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల నేలల్లో సెలీనియం మితిమీరి ఉంది. అక్కడి మేత తినే పశువుకు సెలీనియం కలిసిన మిశ్రమం విషమే. ముందుగా చేయవలసింది తవుడు తగ్గించడం, రోజుకు రెండు కిలోల ఎండు లూసర్న్ పెట్టడం, కొలిచి జింకు, రాగి ఇవ్వడం. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లే పెరుగుతుంది, ముందుభాగం పూర్తిగా మారడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. రెండు నెలలకే ఫలితం లేదని మానేయడం తగదు.

హైదరాబాద్ శాలల్లో కనిపించినదే మార్వారీ, కాఠియావాడీ గుర్రాలకూ వర్తిస్తుందని, ఈ దేశంలో పగిలే గిట్టలన్నిటికీ మూలం ఖనిజాల కొరతేనని నా నిశ్చితాభిప్రాయం. లాడాలు కొట్టేవారిని నిందించడం ఇకనైనా ఆగాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, మన పశువైద్య కళాశాలలు రాష్ట్రాలవారీగా గుర్రాల మేతను విశ్లేషించి పట్టికలు ప్రకటించాలి. అవి చేతికొచ్చేదాకా, దాణా వివరం అడగకుండా ఏ వైద్యుడూ బయోటిన్ రాయకూడదు.